భీమిలి కొయ్య

సెప్టెంబరు 3

డ్యూటీ లాగ్‌లో గాలి, చార్జి, ప్రయాణికులు తప్ప వేరే ముక్క రాయకూడదు. అందుకే ఇది ఇంట్లో కూర్చుని రాసుకుంటున్నాను.

పొద్దున పోటు తగ్గాక గానీ బస్సు కదలలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్లు దాటి కొండ ఎక్కేసరికి హ్యాంగరు ముందు ఎల్లాజీ నిచ్చెన మీద కూర్చుని ఉన్నాడు. మా తీరగాలి ఎయిర్‌వేస్‌లో రంగులు వేసే మేస్త్రి అతను. ఆరో నంబరు బుడగకి పొట్టంతా ఆకుపచ్చ వేసి, తోకని మాత్రం బోడిగా వదిలేశాడు. కాగితాల మీద వాయునౌక అని రాస్తారు గానీ మేమంతా బుడగ అనే అంటాం.

“తోకెందుకు వదిలేశావు ఎల్లాజీ?”

“వొదిలీమన్నారమ్మా. పేరు రాయొద్దన్నారు. ప్రైమరు కొట్టి ఊరుకోమన్నారు.”

“ఎవరు?”

“పైనోలు.” అతను బ్రష్షు తుడుచుకుంటూ నా మొహంలోకి చూశాడు. “పేరు మారిపోతాదేటమ్మా?”

నాకేం తెలుసని చెప్పను? మధ్యాహ్నానికి ఆ బోడి తోక క్యాంటీనంతా పాకింది. మేఘమాల ఎయిర్ మమ్మల్ని కొనేస్తోందని ఒకరు. కొనడం కాదు, రెండూ కలిసి కొత్త పేరుతో వస్తాయని ఇంకొకరు. అసలేం లేదు, రంగు డబ్బాలు రాలేదంతే అని మా మేనేజరు డ్రైవరు. అప్పుడు ఇడ్లీలు పెట్టే ఆవిడ గరిటె పక్కన పెట్టి, క్యాంటీన్ కాంట్రాక్టు ప్రతిసారీ ఏడాదికి పొడిగించేవాళ్లు, ఈసారి నెలకే ఇచ్చారని చెప్పింది. ఆ తర్వాత ఎవరూ జోకు వెయ్యలేదు.

మేఘమాల అంటే ఊళ్లో అందరికీ పోటీ కంపెనీ. నాకు మాత్రం మా వదిన పనిచేసే చోటు.

సెప్టెంబరు 5

మా వదిన పేరు నూకరత్నం. మా ఆయన సన్నిబాబుకి సొంత అప్ప, అంటే అక్క. పెళ్లి పెటాకులయ్యాక మాతోనే ఉంటోంది. సన్నిబాబు వారమంతా సముద్రపు గోడ కట్టే పనిలో ఉండి శనివారం వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరిదీ ఒకటే పని. తను ఎదుటి కొండ మీద మేఘమాలలో, నేను ఈ కొండ మీద తీరగాలిలో.

మేం చేసేది తోడు డ్యూటీ. బుడగ దానంతట అదే నడుస్తుంది. కానీ చట్టం ప్రకారం గాల్లో ఉన్న ప్రతి బుడగకీ నేల మీద ఒక మనిషి తోడుండాలి. మేం తెర ముందు కూర్చుని గాలి చూస్తాం, అవసరమైతే పగ్గాలు తీసుకుంటాం, లోపల జనం భయపడితే మాట్లాడతాం. రైలు పట్టాలు శ్రీకాకుళం దాకా నీళ్లలోకి వెళ్లిపోయాక, ఆస్పత్రికైనా కోర్టుకైనా పెళ్లికైనా ఆ వైపు జనానికి బుడగే దిక్కు.

రాత్రి వంకాయలు కోస్తూ వదినే ఎత్తింది.

“ఏటే గౌరీ, మీవోలు మమ్మల్ని కొంటన్నారా, మావోలు మిమ్మల్ని కొంటన్నారా?”

“నీకెవరు చెప్పారు?”

“మా దర్జీ. కొత్త యూనిఫారాలకి కొలతలు తీసుకున్నాడు గానీ, గుడ్డ ఏ రంగో పైనోలు సెప్పలేదంట. రంగు తెలీకుండా సొక్కా కుట్టించుకున్నోలుంటారేటి?”

ఇద్దరం నవ్వుకున్నాం. ఎవరు ఎవర్ని కొన్నా, ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని మధ్యాహ్నం ఒకే క్యారేజీ విప్పుకోవచ్చని అంది. అప్పుడది మంచి ఆలోచనలాగే అనిపించింది.

సెప్టెంబరు 12

మేనేజరు హేమసుందరరావుగారు మీటింగు పెట్టారు. వదంతులు నమ్మవద్దన్నారు. మన కంపెనీ బలంగా ఉందన్నారు. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదన్నారు. ఇంతకుముందెప్పుడూ మా ఉద్యోగాల సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తారంటేనే ఏదో ఉందని అందరికీ అర్థమైంది.

బయటికొచ్చాక కొత్త మాట ఒకటి పుట్టింది. మేఘమాల పెద్ద ఊళ్లలో ఇప్పటికే ఒక పద్ధతి పరీక్షిస్తోందట. ఒక మనిషి, ఒక కుర్చీ, పది బుడగలు. చట్టంలో “ప్రతి బుడగకీ ఒక మనిషి” అని ఉంది గానీ, ఆ మనిషి వేరే బుడగకి తోడుండకూడదని ఎక్కడా లేదట. రెండు కంపెనీలూ కలిస్తే వైజాగ్‌లో ఉత్తరపు దారి మొత్తానికీ ఒక్క కుర్చీ చాలు.

ఉత్తరపు దారి అంటే మా దారి. మా వైపు నేను సీనియర్‌ని, వాళ్ల వైపు వదిన.

ఇంటికొచ్చాక ఆ మాట చెప్పాలనుకున్నాను. వదిన అప్పటికే నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు పట్టి అలసిపోయి ఉంది. చెప్పలేదు. తనకీ తెలుసేమో, తనూ అందుకే మాట్లాడలేదేమో.

సెప్టెంబరు 20

విలీనానికి ఒప్పుకోమని పోటీ వ్యవహారాల కమిషన్‌కి రెండు కంపెనీల దరఖాస్తు వెళ్లింది. ఇక వదంతి కాదు, పేపర్లో పడింది. కానీ కమిషన్ ఒప్పుకునేదాకా రెండు కంపెనీలూ పోటీ కంపెనీల్లాగే నడవాలి. ఒకరి విషయం ఒకరికి తెలియకూడదు, ఒకరి సాయం ఒకరు తీసుకోకూడదు. అవతలి కంపెనీలో బంధువులున్న వాళ్లందర్నీ పిలిచి సంతకాలు పెట్టించుకున్నారు.

“మీ ఆడపడుచుగారు మీ ఇంట్లోనే ఉంటారట కదా?” అన్నారు హేమసుందరరావుగారు.

“అవును సార్.”

“వేరే ఇల్లేమైనా చూసుకుంటారా, అనుమతి వచ్చేదాకా?”

“ఎక్కడ దొరుకుతుంది సార్, కొండ మీద ఇళ్లు?”

ఆయన నిట్టూర్చి కాగితం నా వైపు తోశారు.

సాయంత్రం వదిన బ్యాగులోంచి అలాంటి కాగితమే తొంగిచూస్తోంది. ఇద్దరం చూసుకున్నాం. ఇన్నాళ్లూ అన్నం తింటూ మాట్లాడుకున్నదంతా పని గురించేనని ఇప్పుడు తెలిసింది. రుషికొండ దగ్గర ఎంత గాలి వీచింది, ఏ ముసలాయన లోపల వాంతి చేసుకున్నాడు, ఏ పెళ్లికొడుకు ముహూర్తం దాటిపోతుందని ఏడ్చాడు. అవన్నీ తీసేస్తే కూరలో ఉప్పు గురించి తప్ప మాట మిగల్లేదు.

సెప్టెంబరు 27

సన్నిబాబు వచ్చాడు. కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“ఏటిది, ఇద్దరూ మూగనోము పట్టేరేటి?”

“ఏం లేదురా. తలనొప్పి” అని వదిన లోపలికెళ్లిపోయింది.

డాబా మీదికెళ్లాక అతనికి ఒక్క కుర్చీ సంగతి చెప్పాను. గోడపనిలో చేతులు పగిలి ఉన్నాయి, వాటికి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు.

“నీకు రావాలనే ఉంటుంది కదా నాకు” అన్నాడు చివరికి.

“అలా ఎందుకు అంటున్నావు? ఎవరైనా అడిగారా?”

“నువ్వు అడగబోతన్నావు.”

నిజమే, అడగబోతున్నాను. అతని అప్పకి రాకూడదని నేను కోరుకోవడం లేదు. నాకు రావాలని మాత్రమే కోరుకుంటున్నాను. రెండూ వేరని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఒక్క కుర్చీ ఉన్నప్పుడు రెండూ ఒకటే. దుప్పటి మడతపెట్టి కిందికి దిగిపోయాను.

అక్టోబరు 4

ఈ రోజు జరిగింది ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం రాలేదు నవ్వు.

“నైపుణ్య పరిశీలన” అని హోటల్లో పెట్టారు. ఎందుకో చెప్పలేదు, ఎవరికీ చెప్పవద్దన్నారు. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, ఆస్పత్రికి వెళ్తున్నానని వదినతో చెప్పి ఆటో ఎక్కాను. హోటల్ హాల్లో కుర్చీలో కూర్చుని తల ఎత్తేసరికి ఎదురుగా వదిన, పట్టు జాకెట్టు వేసుకుని. బ్యాంకు పనుందని నాకు రాత్రే చెప్పింది.

“బ్యాంకు ఇక్కడికి మారిందా వదినా?”

“ఆ. నీ డాక్టరు పక్క గదిలో ఉన్నాడు, ఎల్లు” అంది, మొహం పక్కకి తిప్పుకుని.

రెండు కంపెనీలకీ సంబంధం లేని మూడో సంస్థ వాళ్లు అడిగారు. చార్జి తగ్గుతోంది, ఎదురుగాలి, ఏం చేస్తారు? మా రూలు చెప్పాను: ముందు పైఅధికారి అనుమతి, తర్వాత వెనక్కి. ప్రయాణికుడు భయంతో అరుస్తున్నాడు, ఏం చేస్తారు? పేరు అడుగుతాను, ఊరు అడుగుతాను, ఊళ్లో వాళ్ల ఇల్లు ఎక్కడో అడుగుతాను అన్నాను. అడిగినాయన రాసుకోలేదు. అనుమతి అన్నప్పుడు రాసుకున్నాడు.

ఒకే ఇంటికి రెండు ఆటోల్లో తిరిగొచ్చాం.

అక్టోబరు 13

నిద్ర పట్టడం లేదు. ఆఫీసులో ఎవరైనా ఫోను బోర్లా పెడితే దాచుకుంటున్నారేమో అనిపిస్తోంది. హేమసుందరరావుగారు “బాగున్నావా అమ్మా” అంటే ఎందుకన్నారో అని సాయంత్రం దాకా ఆలోచిస్తున్నాను. తోటివాళ్లలో ఇద్దరు అప్పుడే మానేసి పీతల చెరువుల కంపెనీలో చేరిపోయారు. ముందే దూకినవాళ్లకే మంచి పనులు దొరుకుతాయట. దూకాలా? దూకాక కుర్చీ నాదే అని తెలిస్తే?

ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా నా కళ్లు వదిన మొహం మీదికే పోతున్నాయి. తనూ అంతే. నిన్న నా ఫోను మోగితే పోపు మాడబెట్టింది.

అక్టోబరు 19

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర దాటుతుందన్నారు. మాకు ఇబ్బంది లేదన్నారు. కళింగపట్నం నుంచి వచ్చే ఆరో నంబరు బుడగకి నేను తోడు. ముప్ఫై మంది దాకా ఉన్నారు. సగం దారి దాటాక గాలి తిరిగింది. పడమర నుంచి కొట్టడం మొదలుపెట్టి, బుడగని సముద్రం మీదికి తోస్తోంది. పైన మబ్బు, వీపు మీది సోలార్ పలకలకి ఎండ లేదు. నేను పగ్గాలు తీసుకునేసరికే చార్జి సగానికి పడిపోయింది.

బుడగ ఆగాలంటే కొయ్య కావాలి. కట్టుకొయ్య అంటే ఇనుప స్తంభం. బుడగ ముక్కు దానికి తగిలిస్తే, కింద మనుషులు తాళ్లతో లాగి కడతారు. ఏ కంపెనీ కొయ్య ఆ కంపెనీ బుడగకే తెరుచుకుంటుంది. మా కొయ్యలు వైజాగ్‌లోనూ కళింగపట్నంలోనూ ఉన్నాయి. ఆ గాలికి ఎదురు వైజాగ్ దాకా చార్జి రాదు. వెనక్కి వెళ్లడానికీ చాలదు. మధ్యలో భీమిలి. భీమిలిలో ఉన్నది మేఘమాల కొయ్య.

ఆపదలో ఎవరి కొయ్యనైనా ఇప్పించే అత్యవసర గదికి ఫోను చేశాను. ఎంగేజ్. మళ్లీ చేశాను. తుపాను రోజు, ఓడరేవు వాళ్లంతా అదే నంబరు మీద ఉన్నారు. హేమసుందరరావుగారి గదిలోకి పరిగెత్తాను.

“సార్, భీమిలి కొయ్య కావాలి.”

ఆయన మొహం పాలిపోయింది. “అది వాళ్లది గదమ్మా. ఇప్పుడా? ఈ పరిస్థితిలోనా? లీగల్ వాళ్లని ఒక్క మాట అడుగుతాను. ఆగు.”

“చార్జి ఆగదు సార్.”

“ఒక్క నిమిషం అంటున్నాను కదా!”

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. లోపలి మైకులో ఎవరో పెద్దాయన గొంతు వినిపిస్తోంది. “అమ్మా, తోడమ్మా, కిందంతా నీలే కనపడతన్నాయి. దిగిపోతన్నావేటి?”

“మీ పేరేంటి తాతగారూ?”

“సూర్యనారాయణ. నా మనవరాలికి డయాలిసిస్సు. దాన్ని తీసుకొస్తన్నాను.”

“మీ ఊళ్లో మీ ఇల్లెక్కడ?”

“అదిప్పుడు ఎందుకమ్మా?” అని గట్టిగా అరిచాడు. “ఎక్కడ దింపుతావో అది సెప్పు!”

హేమసుందరరావుగారి గది తలుపు ఇంకా మూసే ఉంది. సొంత ఫోను తీసి వదినకి చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది. డ్యూటీలో ఉండగా ఎత్తకూడదు. నా ఫోనని చూసి ఇంట్లో ఏదో అయిందనుకుందట.

“వదినా, నీ భీమిలి కొయ్య ఖాళీయేనా?”

“ఎంతమందే?”

“ముప్ఫై దాకా.”

“సార్జి?”

చెప్పాను. ఇంకేం అడగలేదు. అనుమతి గురించి, సంతకం గురించి ఒక్క మాట అనలేదు.

“గాలికి ఎదురు ఎల్లకు. ఎత్తు తగ్గించు. సముద్రం వైపు నుంచే పావురాలకొండ సాటుకి తీసుకొచ్చీ. కొండ అడ్డమొచ్చినాక గాలి ఇరుగుతాది. కొయ్య తాళం నాను తీస్తన్నాను. కింద దేముళ్లమ్మ ఉంటాది, తాళ్ల మనుషులకి పెద్ద. దానికి సెప్తాను.”

ఎత్తు తగ్గించాను. అలలు తెరంతా నిండిపోయాయి. లోపల జనం ఏడుస్తున్నారు, ఎవరో గట్టిగా దేవుణ్ణి పిలుస్తున్నారు. కొండ నీడలోకి రాగానే బుడగ ఊగిసలాట ఒక్కసారి తగ్గింది. మొదటిసారి ముక్కు కొయ్యని తప్పింది. రెండోసారి వేసిన తాడు నీళ్లలో పడింది. మూడోసారి భీమిలి మైకులో ఒక ఆడగొంతు “పట్టండ్రా, పట్టండి, వొదిల్తే నరికేత్తాను!” అని కేకేసింది. తెర మీద కొయ్య గుర్తు పచ్చగా మారింది. అప్పటికి చార్జి అడుగంటింది.

దిగిపోతున్నప్పుడు సూర్యనారాయణగారి మనవరాలు మైకులో “టాటా తోడమ్మా” అంది.

అప్పుడు హేమసుందరరావుగారు తలుపు తీసుకుని వచ్చారు. “లీగల్ వాళ్లు వద్దంటున్నారమ్మా.”

అక్టోబరు 20

ఇద్దర్నీ డ్యూటీలోంచి తప్పించారు. కమిషన్ విచారణ పడింది. రెండు కంపెనీలూ అనుమతికి ముందే లోపాయికారీగా కలిసి నడుస్తున్నాయేమోనని వాళ్ల అనుమానం. అది రుజువైతే విలీనం ఆగిపోవచ్చు.

ఆఫీసులో కొందరు నా భుజం తట్టారు. కొందరు చూడనట్టు పోయారు. విలీనం ఆగితే తీరగాలి ఒంటరిగా ఆరు నెలలు కూడా నిలబడదని, అప్పుడు ఆ ఒక్క కుర్చీ కూడా ఎవరికీ ఉండదని వాళ్ల బాధ. వాళ్లని తప్పుపట్టలేను.

అక్టోబరు 23

హేమసుందరరావుగారు ఇంటికి దగ్గర్లో టీ కొట్టు దగ్గరికి రమ్మన్నారు. ఆఫీసులో వద్దన్నారు.

“చూడమ్మా. నువ్వు ఫోను చేసింది నిజమే. అది రికార్డులో ఉంటుంది. మాట్లాడింది మాత్రం ఎక్కడా లేదు. ఇంటి విషయం ఏదో మాట్లాడదామని చేశావు. ఆవిడే తెర మీద బుడగని చూసి, కొయ్య ఇస్తానంది. నువ్వు అడగలేదు. అలా చెప్తే తప్పు మన వైపు ఉండదు. అడిగినవాళ్లది ఒక తప్పు, అడక్కుండా తాళం తీసినవాళ్లది ఇంకో తప్పు.”

“అప్పుడు వదిన పరిస్థితి?”

ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. “ఆ కుర్చీ నీకే అనుకుంటున్నారు పైన. ఇది నీకు నేను చెప్పకూడదు.”

ఆయన దుర్మార్గుడు కాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్లు, ఆయన పేరూ ఎక్కడో ఒక జాబితా చివర ఉండే ఉంటుంది. నాకు భయమేసింది ఆయన మాటలకి కాదు. ఆ మాటలు విన్నాక నా గుండె తేలికపడినందుకు.

అక్టోబరు 24

రేపే విచారణ. పొద్దున వదిన చేపలు కడుగుతూ, నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

“నిన్న నన్నూ పిలిసేరు మావోలు. నువ్వు అడిగితేనే తీసేనని సెప్పమన్నారు. అలాగైతే నాకేటీ కాదంట. ఆపదలో అడిగితే ఇవ్వాల కదా.”

“అది నిజమే కదా.”

“నిజవే. కానీ నీ లైసెన్సు పోద్ది.” చేప పొలుసు గీకుతూనే ఉంది. “నాను సెప్పను. బుడగ నాకే కనపడింది, నానే పిలిసి కొయ్య ఇచ్చేనని సెప్తాను. నువ్వు కాదనకు.”

హేమసుందరరావుగారు చెప్పిందీ అదే. ఒక్క ముక్క తేడా లేదు. నేను తల ఊపితే చాలు. అబద్ధం చెప్పే శ్రమ కూడా నాకు లేకుండా తనే చెప్పేస్తుంది.

“ఎందుకు వదినా?”

“ఎందుకేటే? నాకు యాభై దగ్గరికొచ్చేయి. నీకింకా బోల్డు సర్వీసుంది.”

“నీకా కుర్చీ వద్దా?”

అప్పుడు చెయ్యి ఆపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ, పెళ్లి విడిపోయినప్పుడు కూడా.

“ఎందుకొద్దే? నాకు మాత్రం ఇంకేటుంది? పొద్దున్న లేసి ఆ కొండెక్కకపోతే నానేటి సెయ్యాలి ఈ ఇంట్లో?”

మళ్లీ పొలుసు గీకడం మొదలుపెట్టింది. నేను ఔననలేదు, కాదనలేదు. వంటింట్లోంచి బయటికొచ్చేశాను.

అక్టోబరు 25

కమిషన్ అధికారి ఒక్కడే వచ్చాడు. సన్నగా, జలుబుతో, పక్కన మందుల పొట్లం పెట్టుకుని ఉన్నాడు. వదిన నా కంటే ముందు చెప్పి వెళ్లిపోయింది.

“నూకరత్నంగారు తనే మీ బుడగని గమనించి కొయ్య ఇచ్చానని అంటున్నారు. అవునా?”

ఔనండీ అనడానికి నోరు తెరిచాను. పైకి వచ్చింది మాత్రం వేరే మాట.

“కాదండీ. నేనే ఫోను చేశాను. నేనే అడిగాను. అడిగాకే తాళం తీసింది.”

“అలా చెప్తే మీకేమవుతుందో తెలుసా?”

“తెలుసండీ.”

“ఆపదలో కొయ్య అడగడం తప్పు కాదు. కానీ అత్యవసర గదిని అడగాలి. సొంత ఫోనులో బంధువుని కాదు.”

“చేశానండీ. దొరకలేదు.”

“దొరికేదాకా చెయ్యాలని నిబంధన.”

“అప్పటిదాకా బుడగ ఉండేది కాదండీ.”

అతను ముక్కు తుడుచుకుని, చాలాసేపు రాశాడు. చివరికి, “వెళ్లిరండి” అన్నాడు, నెమ్మదిగానే.

బస్సెక్కాక పశ్చాత్తాపం మొదలైంది. కిటికీలోంచి చూస్తూ, తిరిగి వెళ్లి మార్చి చెప్తే వింటాడా అని కూడా ఆలోచించాను. దిగి రెండడుగులు వెనక్కి వేశాను. పోటు నీళ్లు అప్పటికే రోడ్డెక్కుతున్నాయి, తిరిగి వెళ్లే బస్సు లేదు. అంత మంచిదాన్నేం కాదు నేను. బస్సుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

నవంబరు 15

ఒకే రోజు మూడు కబుర్లు.

కమిషన్ విలీనానికి అనుమతి ఇచ్చింది. రెండు కంపెనీల మధ్య కుట్రేమీ లేదని, ఇద్దరు ఉద్యోగుల మధ్య జరిగిన విషయమని రాసింది.

నా తోడు లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. లైసెన్సు లేని మనిషికి కొత్త కంపెనీలో చోటు లేదు. హేమసుందరరావుగారు ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. చెప్పడానికేమీ లేనప్పుడు మాట్లాడినట్టు.

ఉత్తరపు దారి కుర్చీ నూకరత్నంగారికి.

వదిన ఆ మెసేజీ చదివి ఫోను నా ఒళ్లో పెట్టింది. “నాను ఎల్లను” అంది.

“ఏంటా మాట?”

“నీ కూడు తీసుకుని నానెలా తింటానే? రేపు రాజీనామా ఇచ్చేస్తాను.”

శనివారం, సన్నిబాబు కూడా ఇంట్లోనే ఉన్నాడు. అతను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

“నువ్వు వదిలేస్తే ఆ కుర్చీ నాకు వస్తుందా వదినా? రాదు. ఎవరో ఊరు తెలియనివాడు వచ్చి కూర్చుంటాడు. పది బుడగల్లో జనానికి పావురాలకొండ ఎటుందో కూడా తెలియనివాడు తోడుంటాడు. నా ఉద్యోగం పోయింది, చాలు. నీది పోయిన బరువు కూడా నా నెత్తిన పెట్టకు.”

“అరవకే.”

“అరుస్తాను. నాకు కుళ్లుగా ఉంది, తెలుసా? నువ్వు ఆ కొండెక్కితే చూడలేను. అయినా ఎక్కు.”

వదిన నిలబడిపోయింది. సన్నిబాబు నా వైపూ, తన అప్ప వైపూ చూసి, ఇద్దరికీ మధ్యలో నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి వదిన కూడా కూర్చుంది. నేనొక్కదాన్నే నిలబడటం బాగోక నేనూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి పని గురించి మాట్లాడుకున్నాం. సంతకాలు ఇక చెల్లవు కదా. మూడోసారి తాడు పడ్డప్పుడు తను అక్కడ కుర్చీలోంచి లేచి నిలబడిందట. నేను ఇక్కడ కళ్లు మూసుకున్నానని చెప్పాను.

డిసెంబరు 1

వదిన ఈ రోజు కొత్త కుర్చీలో కూర్చుంది. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయమట, సాయంత్రం చెప్పింది.

ఇంట్లో ఉండలేక నేను మధ్యాహ్నం భీమిలి వెళ్లాను. ఎందుకు వెళ్లానో స్పష్టంగా తెలియదు. కొయ్య కింద, ఇసుక బస్తాల మీద ఒకావిడ కూర్చుని తాడు పురులు సరిచేస్తోంది. యాభై దాటి ఉంటాయి, చేతులు మగవాళ్ల చేతుల్లా ఉన్నాయి. గొంతు వినగానే గుర్తుపట్టాను.

“దేముళ్లమ్మగారూ, తుపాను రోజు ఆ బుడగకి తోడు నేనే.”

ఆవిడ తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఓలమ్మో, నువ్వేనేటి? రెండుసార్లు తప్పించేవు గదమ్మా, నా మనుషుల భుజాలు ఊడిపోయేయి.”

“మూడోసారి మీరే పట్టారు.”

“పట్టకపోతే?” అని మళ్లీ తాడు వైపు తిరిగింది.

పక్కన కూర్చున్నాను. ఇక్కడ లైసెన్సు అక్కర్లేదని నాకు తెలుసు. కొత్త కంపెనీ కొయ్యల దగ్గర కూడా మర పెడుతుందనీ, మనుషుల్ని తగ్గిస్తుందనీ ఇప్పటికే అనుకుంటున్నారట. ఆవిడే చెప్పింది. నవ్వుతూ కాదు, భయపడుతూ కూడా కాదు. రేపటి కూర గురించి చెప్పినట్టు చెప్పింది. అయినా నేను లేవలేదు.

“పనేమైనా ఉందాండీ?”

“తాడు పట్టడం వొచ్చా?”

“రాదు.”

ఆవిడ నా అరచెయ్యి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూసి వదిలేసింది.

“రేపు రా. సేతులకి సుట్టుకోడానికి గుడ్డ తెచ్చుకో.”